దించిన స్విఫ్ట్‌కి బార్లు వేయించాలా?

చిత్తూరు స్విఫ్ట్:
అన్నలూ, ఒక సలహా కావాలి. నాది 2009 స్విఫ్ట్ పెట్రోల్, 1,12,000 కిలోమీటర్లు తిరిగింది. ఉండేది బెంగళూరు హూడీలో. మూడు నెలల కిందట బండి ఎత్తుని 35 మిల్లీమీటర్లు దించే స్ప్రింగులు వేయించాను. షాక్ అబ్జార్బర్లు పాతవే. లీక్ లేదు కదా, ఎందుకు దండగ ఖర్చని నేనే వద్దన్నాను.

చూడ్డానికి బండి అదిరింది, అందులో మాటే లేదు. ఒక్కడినే ఆఫీసుకి పోయినంతకాలం ఏ ఇబ్బందీ రాలేదు. పోయిన నెల అమ్మానాన్నల్నీ చెల్లినీ ఎక్కించుకుని, డిక్కీ నిండా మామిడికాయలేసుకుని ఊరినుంచి వస్తున్నాను. మొగిలి ఘాట్‌లో వంపు మధ్యలో చిన్న గతుకు తగిలింది. వెనక భాగం ఒక్కసారిగా పక్కకి ఎగిరినట్టయింది. నాన్న నిద్రలోంచి లేచి "ఏంరా, పంచరా?" అన్నాడు. అప్పట్నుంచి నాకు ఒకటే టెన్షన్. పైగా ముందు ఎడమవైపు చిన్న గుంటల మీద టక్ టక్‌మని శబ్దం.

స్ప్రింగులు వేసిన వర్క్‌షాప్‌లో అడిగితే "చాసిస్ ఫ్లెక్స్ అవుతోంది, అంటే బండి చట్రం వంగుతోంది. ముందు స్ట్రట్ బార్, వెనక బార్, కింద ఒక బార్, మూడూ వేస్తే రాయిలా ఉంటుంది" అన్నారు. బార్ అంటే బండి ఎడమ, కుడి పక్కల్ని కలిపి బిగించే పైపు. మొత్తం 22,000 అట. వేయించమంటారా?

జెన్ ఇంకా ఉంది:
నేను స్ట్రట్ బార్ వేయించాను బ్రో. ఎర్ర రంగుది. బానెట్ ఎత్తినప్పుడల్లా ఆనందంగా ఉంటుంది. బండి నడిపేటప్పుడు మాత్రం అది ఉన్న సంగతే గుర్తుండదు.

పీణ్య ఫిట్టర్:
బాబూ, తొందరపడి డబ్బు కట్టకు. నేను పీణ్యలో సస్పెన్షన్ పార్టుల పని ఇరవై ఏళ్లు చేశాను. నువ్వు చెప్పింది చాసిస్ జబ్బులా లేదు.

బండిని 35 మిల్లీమీటర్లు దించావంటే చక్రం పైకి కదలడానికి ఉన్న చోటులో అంత పోయినట్టే. స్ప్రింగ్ దానికి తగ్గట్టు గట్టిగా లేకపోతే, నలుగురు ఎక్కి డిక్కీ నిండగానే వెనక చక్రం బంప్ స్టాప్‌కి, అంటే చక్రం మరీ పైకి రాకుండా ఆపే రబ్బరు ముక్కకి, దాదాపు ఆనుకునే ఉంటుంది. వంపులో బరువంతా బయటి చక్రం మీద ఉంటుంది. అప్పుడు గతుకు తగిలితే స్ప్రింగ్ పని అయిపోయి రబ్బరు ముక్క మీద కూర్చుంటుంది. అప్పటిదాకా మెత్తగా ఉన్నది ఒక్కసారిగా బండరాయి అవుతుంది, టైరు పట్టు వదిలేస్తుంది. మీ నాన్నగారికి పంచర్ అనిపించింది దాన్నే. బంప్ స్టాప్‌లు కోశారేమో కూడా అడుగు. కొంచెం కోయడం అందరూ చేసేదే, ఎక్కువ కోస్తే షాక్ లోపలి వాల్వ్ దెబ్బతింటుంది.

నా మాట మీద కూడా నమ్మకం పెట్టుకోవద్దు, నువ్వే చూసుకో. షాక్ దుమ్ము కవర్ పైకి జరిపి, మెరిసే రాడ్‌కి అడుగున ఒక కేబుల్ టై బిగించు, తోస్తే జరిగేంత మాత్రమే. నలుగురిని ఎక్కించుకుని ఒక రౌండ్ తిరిగిరా. టై ఎంత పైకి జరిగి ఆగిందో చూడు. పది రూపాయల పరీక్ష.

ఇక శబ్దం. లోయర్ ఆర్మ్ (చక్రాన్ని చట్రానికి కలిపే కింది చెయ్యి) బుష్‌లు, స్టెబిలైజర్ (ఒరుగు తగ్గించే కడ్డీ) లింక్, స్ట్రట్ (స్ప్రింగుతో కలిసి ఉండే ముందు షాక్) పైన మౌంట్, ఈ మూడూ చూడు. లక్ష దాటిన బండిలో ఇవి అరిగే ఉంటాయి. ఇంకో సంగతి, దీన్ని చాలామంది మెకానిక్‌లు పట్టించుకోరు. బుష్ లోపలి రబ్బరు బోల్టు బిగించినప్పుడు ఆర్మ్ ఏ కోణంలో ఉందో ఆ కోణానికే అలవాటు పడుతుంది. బండి జాక్ మీద, చక్రాలు వేలాడుతుండగా బిగిస్తే, కిందికి దించగానే రబ్బరు మెలితిరిగి కూర్చుంటుంది. కొన్నాళ్లకే చీలుతుంది. చక్రాల మీద బండి నిలబడ్డాకే చివరి బిగింపు. దించిన రోజే ఆ బోల్టులు వదులు చేసి మళ్లీ బిగించి ఉండాల్సింది.

మీ ముందు సస్పెన్షన్‌లో లోయర్ ఆర్మ్ చక్రం వైపు కొంచెం కిందికి వాలి ఉంటుంది. ఎక్కువ దించితే అది అడ్డంగా అవుతుంది, ఇంకా దించితే ఎదురు వాలుతుంది. అప్పుడు బండి ఒరిగే కేంద్రం, అంటే వంపుల్లో బాడీ ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో అది, బండి దిగినదానికంటే ఎక్కువ కిందికి పోతుంది. పలుగు పొడుగైనట్టే, అదే బరువు ఇంకా సులువుగా బాడీని ఒరిగిస్తుంది. తక్కువ ఎత్తులో ఉన్న బండి తక్కువ ఒరుగుతుందని అందరూ అనుకుంటారు, ప్రతిసారీ నిజం కాదు.

బార్‌ల సంగతికొస్తే, ముందు స్ట్రట్ బార్‌కి ఎంతోకొంత అర్థముంది, స్ట్రట్ పైభాగం వంపుల్లో పక్కబలం మోస్తుంది కాబట్టి. కానీ ఇంజిన్ మీదుగా వంపు తిరిగిన పైపు నిటారు పైపంత పని చేయదు. మీ బండికి వెనక ఉన్నది టార్షన్ బీమ్ (రెండు చక్రాల్నీ కలిపే దూలం), స్ప్రింగ్ షాక్‌తో కాకుండా వేరే చోట కూర్చుంటుంది, అక్కడ పైన బార్ వేసి లాభం తక్కువ. కింద బార్ మాత్రం వద్దే వద్దు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం హంప్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. మన అపార్ట్‌మెంట్ల ముందు వేసేవి అరమీటరు వెడల్పుతో గోడల్లా ఉంటాయి. ముందు తగిలేది ఆ బారే.

ఎల్‌ఎల్‌బీ ఆల్టో:
ఒక్క మాట. ఆర్‌సీలోని వివరాలు కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి తేడా వచ్చేలా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. ఏం వేసినా ఇన్సూరెన్స్ వాళ్లకి రాతపూర్వకంగా చెప్పి ఉంచండి. క్లెయిమ్ రోజున నోటిమాట నిలబడదు.

చిత్తూరు స్విఫ్ట్:
ఫిట్టర్ గారూ, దండం. పదకొండు రోజులు పట్టింది, అందుకే ఆలస్యం.

ముగ్గురు ఫ్రెండ్స్‌ని ఎక్కించుకుని వైట్‌ఫీల్డ్ దాకా వెళ్లొచ్చాను. వెనక రెండు టైలూ బంప్ స్టాప్‌కి అంటుకుపోయి ఉన్నాయి. ఒకటైతే నలిగిపోయింది. ఘాట్ దాకా అక్కర్లేదు, హోప్ ఫామ్ దగ్గర హంప్‌లే చాలనుకుంటా.

వేరే మెకానిక్ దగ్గర బండి ఎత్తించాను. ఎడమ లోయర్ ఆర్మ్ వెనక బుష్‌లో వేలి గోరు పట్టేంత చీలిక. లింక్ బాల్ చేత్తో కదిపితేనే టక్‌మంది. జేసీ రోడ్‌లో నాలుగు షాపులు తిరిగి రెండువైపులా తెచ్చి మార్పించాను. చివరి బిగింపు చక్రాల మీద నిలబెట్టాకే చేయమంటే ఆయన నన్ను ఒక రకంగా చూశాడు, అయినా పిట్‌లోకి దిగి చేశాడు. శబ్దం పోయింది. అలైన్‌మెంట్‌లో టో (పైనుంచి చూస్తే ముందు చక్రాలు చూసే దిశ) బాగా బయటికి ఉందట, ముందు టైర్ల లోపలి అంచు అప్పటికే నున్నగా అయింది.

ఇప్పుడు స్ప్రింగులు: ఇవే ఉంచి పొట్టి షాక్‌లు వేయాలా, లేక వెనక్కి పోవాలా?

పీణ్య ఫిట్టర్:
ఊరికి నలుగురితో పోయే బండికి 35 ఎక్కువ. ప్రస్తుతానికి కంపెనీ స్ప్రింగులు, కొత్త షాక్‌లు వేయించు. తర్వాత దించాలనిపిస్తే 20, 25 మించకుండా, స్ప్రింగూ షాకూ ఒకదానికొకటి తగ్గట్టు చేసిన సెట్ కొను. విడివిడిగా కొని కలపొద్దు.

చిత్తూరు స్విఫ్ట్:
సరే సార్. పాత స్ప్రింగులు చిత్తూరులో అటక మీద ఉన్నాయి. ఇప్పుడే ఫోన్ చేస్తే నాన్న "పొద్దున పాత ఇనుము వాడికి తూకానికి వేద్దామని కిందికి దించా" అన్నాడు. ఆపించాను. శనివారం బస్సులో వెళ్లి తెచ్చుకుంటా.