మొన్నటిదాకా కాల్చుకున్నోళ్లు ఒకే బ్యారక్‌లో ఎలా ఉంటారు?

బొబ్బిలి కుర్రాడు:
అందరికీ నమస్తే. విజయనగరంలో గ్రూప్ వన్‌కి ప్రిపేర్ అవుతున్నాను. అంతర్యుద్ధం ఆగాక తిరుగుబాటుదారుల్ని దేశ సైన్యంలో కలిపేయడం గురించి చదువుతున్నా గానీ ఒకటి మాత్రం మింగుడు పడట్లేదు. మా ఊళ్లో ఇంటికొకరు ఆర్మీలో ఉన్నట్టే లెక్క, మా అన్నయ్యనైతే ర్యాలీలో ఛాతీ కొలత కొంచెం తగ్గిందని వెనక్కి పంపేశారు. అలాంటిది ఆ సైన్యం మీదే తుపాకీ పేల్చినోళ్లకి యూనిఫాం ఎలా ఇస్తారు, ఇచ్చినా పక్కపక్క మంచాల మీద ఎలా పడుకుంటారు? తెలిసినోళ్లు కాస్త చెప్పండి.

సాలూరు మాస్టారు:
తమ్ముడూ, ముందు నేపాల్ పట్టుకో. 2006 నవంబరులో శాంతి ఒప్పందం అయింది. మావోయిస్టుల్ని ఏడు పెద్ద క్యాంపుల్లో పెట్టి, ఐక్యరాజ్యసమితి వాళ్లు ఒక్కొక్కరి వివరాలూ పరిశీలిస్తే 19,602 మంది అర్హులని తేలింది. తుపాకులు కంటైనర్లలో పెట్టి తాళం వేశారు, తాళంచెవి మావోయిస్టుల దగ్గరే ఉంది, నిఘా మాత్రం ఐక్యరాజ్యసమితిది. అక్కణ్ణుంచి ఐదేళ్లు క్యాంపుల్లోనే గడిచిపోయాయి, ఎంతమందిని తీసుకోవాలి, ఎవరికి ఏ ర్యాంకు ఇవ్వాలి అన్నదగ్గరే పేచీ. 2009లో ప్రధానిగా ఉన్న మావోయిస్టు నాయకుడు ప్రచండ ఆర్మీ చీఫ్‌ని తీసేయబోతే రాష్ట్రపతి అడ్డుపడ్డారు, ప్రచండే రాజీనామా చేశాడు. చివరికి 2011లో 6,500 మందికి మించకుండా తీసుకుందాం అనుకున్నారు, తీరా చేరింది సుమారు 1,400 మంది! మిగతావాళ్లలో ఎక్కువమంది ర్యాంకుని బట్టి 5 నుంచి 8 లక్షల నేపాలీ రూపాయలు తీసుకుని ఇంటికెళ్లిపోయారు. అన్నేళ్లు క్యాంపులో కూర్చున్న మనిషికి మళ్లీ వయసు, చదువు, ఫిట్‌నెస్ అంటే ఎవడికి ఓపికుంటుంది చెప్పు. చేరినోళ్లని కూడా అడవుల కాపలా, అభివృద్ధి పనులు చూసే ప్రత్యేక విభాగానికే పెట్టుకున్నారు.

రిటైర్డ్ సుబేదార్, టెక్కలి:
బాబూ, మంచాల సంగతి పెద్ద కష్టం కాదు, ట్రైనింగ్‌లో కలిసి పరిగెత్తితే ఆ కోపం నెమ్మదిగా పోతాది. అసలు తంటా ఎక్కడంటే ఎవడు ఎవడికి సెల్యూట్ కొట్టాలి, జీతం ఎవడి చేతిమీదుగా వస్తాది అన్నదగ్గర. నాను ఐక్యరాజ్యసమితి డ్యూటీ మీద కాంగోలో గోమా దగ్గర ఉన్నాను. 2009 మార్చి 23 ఒప్పందంతో సీఎన్‌డీపీ అనే తిరుగుబాటు దళం వాళ్లని సైన్యంలో కలిపేశారు, కలిపారంటే యూనిఫాం మార్చారు అంతే, పాత దళం పాత దళంగానే ఉంది, గోమా ఉన్న కివూ ప్రాంతం వదిలి వేరే చోటికి బదిలీ అంటే ఒప్పుకునేవాళ్లు కాదు. మా పోస్ట్ ఎదురుగా ఒకే యూనిఫాంలో ఉన్న జవాన్లు రెండు చోట్ల పొయ్యి పెట్టుకుని ఎవరి గుంపుకి వాళ్లు వండుకునేవాళ్లు. మన ఆర్మీలో ఒకటే లంగర్, ఏ రాష్ట్రం వాడైనా ఒకే లైన్లో ప్లేటు పట్టుకోవాల్సిందే, అందుకే అది చూడగానే వీళ్లు ఎక్కువకాలం ఉండరని అనిపించింది. 2012లో తిరగబడ్డారు, ఆ ఒప్పందం తేదీ మీదే ఎం23 అని పేరు పెట్టుకున్నారు, నవంబరులో గోమా పట్టేసుకున్నారు. దళాన్ని దళంగా తీసుకోకూడదు బాబూ, మనిషిని మనిషిగా తీసుకుని వేరేవేరే యూనిట్లకి పంపాలి.

బొబ్బిలి కుర్రాడు:
సుబేదార్ గారూ, చాలా థాంక్స్. మరి దక్షిణాఫ్రికాలో ర్యాంకుల గొడవ ఎలా తెంపుకున్నారండి?

సాలూరు మాస్టారు:
అక్కడ 1994లో పాత తెల్లవాళ్ల ఆర్మీ, నల్లవాళ్ల తరఫున పోరాడిన ఎంకే, ఆప్లా దళాలు, నల్లవాళ్లకని విడగొట్టిన నాలుగు హోంల్యాండ్ల సైన్యాలు, మొత్తం ఏడింటిని కలిపారు. ర్యాంకులిచ్చేటప్పుడు మధ్యవర్తిగా బ్రిటిష్ మిలిటరీ టీమ్‌ని కూర్చోబెట్టారు. అయినా మంట చల్లారలేదు, 1999లో టెంపే బేస్‌లో ఒకప్పటి ఆప్లా లెఫ్టినెంట్ తోటి తెల్ల సైనికుల మీద కాల్పులు జరిపాడు.

పార్వతీపురం లక్ష్మి:
చేరినోళ్ల గురించే అందరూ మాట్లాడుతున్నారు, నేపాల్‌లో అనర్హులని పక్కన పెట్టిన 4,008 మంది సంగతి కూడా చూడండి. అందులో ఎక్కువమంది చిన్నపిల్లలుగా ఉన్నప్పుడు దళంలో చేరినోళ్లు. 2010లో బయటికి పంపినప్పుడు చేతిలో శిక్షణ ఆఫర్లు పెట్టారు తప్ప, తర్వాత మిగతావాళ్లకి ఇచ్చిన లక్షలు వీళ్లకి లేవు. చిన్నప్పుడే బడి మాన్పించి తుపాకీ పట్టించినోళ్లదీ తప్పే, ఉత్తిచేతులతో పంపినోళ్లదీ తప్పే. ఆడవాళ్లైతే 19,602లో దాదాపు ఐదో వంతు ఉన్నారు, క్యాంపుల్లోనే పెళ్లిళ్లయ్యి చంటిపిల్లలున్నోళ్లు పాపం ట్రైనింగ్‌కి ఎలా వెళ్తారు? తమ్ముడూ, ఆన్సర్‌లో వీళ్ల గురించి ఒక పేరా అయినా రాయి.