చర్చ: ఎమ్మెల్యేగా మొదలై ఎక్కడిదాకా వెళ్లారు? మాజీల జాబితా

నల్లమలవాసి: మాజీ ఎమ్మెల్యేల్లో గవర్నరు, స్పీకరు, ఆపై మెట్లు ఎక్కిన తెలుగువాళ్ల జాబితా కడుతున్నా. ఇప్పటికి ఉన్నవి: నీలం సంజీవరెడ్డి, పీవీ (మంథని), వెంకయ్యనాయుడు (ఉదయగిరి), బాలయోగి (ముమ్మిడివరం), విద్యాసాగరరావు (మెట్‌పల్లి), దత్తాత్రేయ, అశోక్ గజపతిరాజు. ఎవరిని వదిలేశాను? గెలిచిన ఏళ్లు ఎక్కడ సరిచూసుకోవాలి? రాజకీయాలు కాకుండా వేరే పనుల్లో పడ్డవాళ్లూ కావాలి.

గోదారిగట్టు: దత్తాత్రేయను తీసెయ్యండి. ఆయన సికింద్రాబాద్ ఎంపీ, శాసనసభ్యుడు ఎన్నడూ కాదు. హిమాచల్, హర్యానా గవర్నరుగిరీ చూసి అందరూ కలిపేస్తుంటారు. ఆ చోట నల్లు ఇంద్రసేనారెడ్డిని పెట్టండి: మలక్‌పేట నుంచి 1983, 1985, 1999. 2023లో త్రిపుర గవర్నరు. కంభంపాటి హరిబాబును మర్చిపోయారు. 1999లో విశాఖపట్నం-1, తర్వాత మిజోరం, ఇప్పుడు ఒడిశా.

పాతబస్తా: సరిచూడ్డానికి ఎన్నికల సంఘం గణాంక నివేదికలున్నాయి. కానీ సాధారణ ఎన్నికల నివేదికలో ఉప ఎన్నిక ఉండదు. బాలయోగి కోసం 1994 ముమ్మిడివరం పేజీ తీస్తే వేరే పేరే కనబడుతుంది. 1996లో అమలాపురం లోక్‌సభకు ఓడాక ఉప ఎన్నికలో ఎమ్మెల్యే అయ్యారాయన. మంత్రిగా చేసి, 1998లో మళ్లీ ఎంపీ, వెంటనే స్పీకరు. ఇంకోటి, 2009 ఎన్నికల నాటి నియోజకవర్గాల పునర్విభజనలో మెట్‌పల్లి, విశాఖపట్నం-1 రెండూ పోయాయి. కొత్త పేర్లతో వెతికితే దొరకవు.

సర్కారుఎక్స్‌ప్రెస్: ఇంత వెతుకులాట ఎందుకు? ఎంపీ అయిన రోజే ఎమ్మెల్యే సీటు దానంతటదే పోతుంది. ఎంపీ అయిన తేదీ చూస్తే సరిపోతుంది.

పాతబస్తా: పోదు. గవర్నరుకైతే రాజ్యాంగం 158(1) అధికరణం ప్రకారం బాధ్యతలు తీసుకున్న రోజునే సభ్యత్వం పోతుంది. ఎంపీ సంగతి వేరు, అది 101(2), 1950 నాటి నిబంధనలు. గెజిట్‌లో ప్రకటన వచ్చాక 14 రోజుల్లో అసెంబ్లీకి రాజీనామా ఇవ్వాలి. ఇవ్వకపోతే ఊడేది ఎంపీ సీటే.

సర్కారుఎక్స్‌ప్రెస్: తిరగేసి చెప్తున్నారు. 14 రోజుల్లో వదలకపోతే అన్ని సీట్లూ పోతాయి. ఎన్టీఆర్ 1985లో గుడివాడ, హిందూపురం, నల్గొండ గెలిచి రెండు వదిలింది అందుకే కదా. చట్టం చదివి మాట్లాడండి.

పాతబస్తా: అది ప్రజాప్రాతినిధ్య చట్టం సెక్షన్ 70, ఒకే సభలో రెండు మూడు సీట్లు గెలిచినప్పటిది. 1996 సవరణతో రెండుకు మించి పోటీయే లేదు. మనం మాట్లాడేది రెండు వేర్వేరు సభల గురించి. రెండింట్లోనూ 14 అని ఉందని కలగాపులగం చెయ్యకండి.

సర్కారుఎక్స్‌ప్రెస్: మరి రేవంత్ 2023లో ఎంపీకి రాజీనామా ఇచ్చారేం? ఎమ్మెల్యే సీటు ఉంచుకోవాలనేగా?

పాతబస్తా: అవును, కావలసింది ఉంచుకున్నారు. ఏమీ ఇవ్వకుండా కూర్చున్నా ఎంపీ సీటే పోయేది. దీంతో మీ వాదన ఎక్కడ నిలబడిందో మీరే చెప్పాలి. చిరంజీవి 2012లో రాజ్యసభకు వెళ్తూ అసెంబ్లీకి రాజీనామా ఇచ్చారు కాబట్టే తిరుపతికి ఉప ఎన్నిక వచ్చింది.

గోదారిగట్టు: ఇద్దరూ కాస్త ఆగండి. అడిగినాయన పారిపోయాడు.

అనంతరైతు: సంజీవరెడ్డి దగ్గర సగమే రాశారు. 1952లో అనంతపురంలో ఆయన్ని ఓడించింది సొంత బావమరిది తరిమెల నాగిరెడ్డి. నాగిరెడ్డి 1957లో ఎంపీ, 1962, 1967లో మళ్లీ ఎమ్మెల్యే. 1969లో అసెంబ్లీని వదిలేసి విప్లవ రాజకీయాల్లోకి వెళ్లాడు. బావ రాష్ట్రపతి, బావమరిది అజ్ఞాతం. మీ జాబితాలో గవర్నర్లకే చోటా?

మంజీర: సంజీవరెడ్డి 1969లో గిరి చేతిలో ఓడి, 1977లో పోటీ లేకుండా రాష్ట్రపతి అయ్యారు. ఆ వి.వి.గిరీ మద్రాసు శాసనసభ నుంచి వచ్చినవాడే. 1937లో బొబ్బిలి రాజా మీద గెలిచి రాజాజీ దగ్గర కార్మిక మంత్రి. జాబితాలో ముందుండాల్సిన పేరు. వెంకయ్యగారి పక్కన ఇది కూడా రాయండి: రాజ్యసభకు కర్ణాటక నుంచి మూడుసార్లు, 2016లో రాజస్థాన్ నుంచి. ఆంధ్రా కోటాలో ఒక్కసారీ లేదు.

గోదారిగట్టు: అదేం గొప్ప? పార్టీకి ఇక్కడ బలం లేకపోతే ఎక్కడినుంచి పంపుతారు?

అనంతరైతు: సుందరయ్యది తిరుగు దారి. 1952లో రాజ్యసభ, 1955లో అసెంబ్లీ, 1964లో సీపీఎం తొలి ప్రధాన కార్యదర్శి. 1978లో గన్నవరం ఎమ్మెల్యేగా మళ్లీ మన సభలోకే. సత్తెనపల్లి వావిలాల గోపాలకృష్ణయ్య నాలుగుసార్లు గెలిచి, 1974లో అధికార భాషా సంఘానికి అధ్యక్షుడయ్యారు. వేరే పనుల్లో పడ్డవాళ్లు కావాలన్నది ఇలాంటివాళ్లే కదా.

నల్లమలవాసి: ఇక్కడే ఉన్నా. దత్తాత్రేయను తీసేశా, గిరిని చేర్చా. రోశయ్యను ఎమ్మెల్యేగా వెయ్యాలా, ఎమ్మెల్సీగానా? ముఖ్యమంత్రి అయ్యేనాటికి మండలి సభ్యుడే కదా, ఆ తర్వాతే తమిళనాడు గవర్నరు.

పాతబస్తా: మండలికి వేరే వరస పెట్టండి. 1985లో రద్దయి 2007లో తిరిగొచ్చింది. మధ్య 22 ఏళ్లకు ఎమ్మెల్సీ అని ఎవరైనా రాస్తే అది తప్పే.

సర్కారుఎక్స్‌ప్రెస్: రోశయ్య 2004లో చీరాల ఎమ్మెల్యే. అది కూడా తప్పేనంటారేమో.