ఉండేన్ ‘తటస్థుడా’, ‘అలీనుడా’? ఒక స్వీడిష్ మాటకు తెలుగు వెతుకులాట

ప్రశ్న:

పెద్దలందరికీ నమస్కారం. ఓస్టెన్ ఉండేన్ మీద ఒక వ్యాసం రాస్తున్నాను. ఉప్సాలాలో న్యాయశాస్త్రం చెప్పిన ప్రొఫెసరు, సోషల్ డెమోక్రాట్. స్వీడన్ విదేశాంగ మంత్రిగా 1924 నుంచి 1926 దాకా ఒకసారి, 1945 నుంచి 1962 దాకా మరోసారి పనిచేశారు. ఆయన నడిపిన విధానాన్ని స్వీడిష్‌లో ‘అలియాన్స్‌ఫ్రీహేత్’ అంటారు. చిత్తుప్రతిలో ‘తటస్థ విధానం’ అని రాసుకున్నాను. మా అన్నయ్య చదివి, ‘అలీన విధానం అనాలి కదే’ అన్నాడు. రెండూ ఒకటేనా? కాకపోతే ఏది వాడాలి?

జవాబు:

అమ్మా, రెండూ ఒకటి కావు. ఉండేన్ విషయంలో ఆ తేడాలోనే అసలు కథంతా ఉంది.

ఆ రోజుల్లో స్వీడన్ తన విధానాన్ని ఒక్క వాక్యంలో చెప్పుకునేది: శాంతికాలంలో ఏ కూటమిలోనూ చేరం, యుద్ధమొస్తే తటస్థంగా ఉండటానికే ఇదంతా. అందులో కాలాలు రెండు, మాటలూ రెండు. శాంతికాలానికి అలియాన్స్‌ఫ్రీహేత్, యుద్ధకాలానికి న్యూట్రాలితేత్. రెంటినీ కలిపి ‘తటస్థ’ అనేస్తే వాక్యంలో సగం ఎగిరిపోతుంది. న్యాయశాస్త్రం చదువుకున్న మనిషి అంత జాగ్రత్తగా విడదీసి పెట్టుకున్నదాన్ని మనం కలిపేసినట్టవుతుంది.

తటం అంటే ఒడ్డు. ఏరు పొంగి పారుతున్నా దిగకుండా ఒడ్డున నిలబడ్డవాడు తటస్థుడు. ఏరే లేనిచోట ఒడ్డెక్కడిది? ఎక్కడో ఎవరో కొట్టుకుంటుంటేనే ఆ మాటకు పని. భారతంలో బలరాముణ్ణి చూడు. భీముడూ శిష్యుడే, దుర్యోధనుడూ శిష్యుడే. ఎటూ ఉండలేక సరస్వతీ నది వెంబడి తీర్థయాత్రకు వెళ్లిపోయాడు. మళ్లీ గదాయుద్ధం వేళకు గాని కనబడడు. అచ్చంగా నది ఒడ్డు పట్టుకు నడిచిన తటస్థుడు. లాటిన్ నుంచి వచ్చిన న్యూట్రల్ అనే మాటలో ఒడ్డూ లేదు, ఏరూ లేదు. ‘రెంటిలో ఏదీ కాదు’ అని మాత్రమే దానర్థం. వ్యాకరణంలో నపుంసక లింగానికి వాళ్లు పెట్టుకున్న పేరూ అదే మాట. ఆ పొడి మాట కంటే మన మాటలో బొమ్మ ఉంది, నాకు చాలా ఇష్టం. అందుకే దాన్ని తగని చోట పెడితే మనసొప్పదు.

ఇక అలీనం. లీనం కానిది అలీనం. మాట మంచిదే, కానీ దానికి ఇల్లు ముందే కుదిరిపోయింది. అలీనం అనగానే తెలుగు పాఠకుడికి నెహ్రూ, టిటో, నాసర్, 1961 బెల్‌గ్రేడ్ సభ గుర్తొస్తాయి. స్వీడన్ ఆ ఉద్యమంలో సభ్యదేశం కాదు. మీ అన్నయ్యను తప్పుపట్టలేం, స్వీడిష్‌వాళ్లు కూడా అలీనోద్యమానికి ‘అలియాన్స్‌ఫ్రీ’ అన్న మాటే వాడతారు. మూలభాషలో ఇద్దరికీ ఒకే మాట కాబట్టి చిక్కు అక్కడే మొదలైంది. తెలుగులో మనకు ఆ ఇబ్బంది లేదు, వేరే మాట పెట్టుకోవచ్చు. ‘కూటములకు దూరంగా ఉండే విధానం’ అను. మరీ పొట్టిగా కావాలంటే ‘కూటమిరహిత’.

మరో సభ్యుడు:

మేష్టారూ, 1948, 49లలో నార్వే, డెన్మార్క్‌లతో కలిసి రక్షణ కూటమి కట్టడానికి స్వీడన్ చర్చలు జరిపింది కదా. మరి కూటములకు దూరం ఎలా అయింది?

జవాబు:

బాగా పట్టుకున్నారండీ. స్వీడన్ కోరినది అగ్రరాజ్యాలతో ముడిలేని కూటమి. నార్వే 1940లో జర్మన్ దాడి చవిచూసిన దేశం, పశ్చిమదేశాల అండ లేకుండా ఒప్పుకోలేకపోయింది. చర్చలు చెడిపోయాయి. 1949 ఏప్రిల్‌లో నార్వే, డెన్మార్క్ నాటోలో వ్యవస్థాపక దేశాలుగా చేరాయి, స్వీడన్ ఒంటరిగా మిగిలింది. కాబట్టి ‘కూటమి’ అన్నప్పుడు అగ్రరాజ్యాల కూటమి అని మనసులో పెట్టుకోవాలి. వ్యాసంలో మొదటిసారి వచ్చినచోట ‘అగ్రరాజ్యాల కూటములకు దూరంగా’ అని విప్పి చెప్తే సరిపోతుంది.

‘తటస్థ’ అన్న మాట కచ్చితంగా అతికే చోటు ఒకటుంది. 1953లో కొరియా యుద్ధవిరమణ తర్వాత, స్వదేశానికి వెళ్లనన్న యుద్ధఖైదీల సంగతి తేల్చడానికి తటస్థ దేశాల కమిషన్ వేశారు. అధ్యక్షత మన దేశానిది, జనరల్ తిమ్మయ్య కూర్చున్నారు. సభ్యులు స్వీడన్, స్విట్జర్లాండ్, పోలండ్, చెకోస్లొవేకియా. పోలండ్ తటస్థమేమిటి, అది సోవియట్ పక్షం కదా అనిపిస్తుంది. ఒప్పందంలో రాసుకున్న నిర్వచనం ఏమిటంటే, కొరియాలో ఎవరి పోరాట దళాలు దిగలేదో వాళ్లే తటస్థులు. మనం పంపింది 60వ పారా ఫీల్డ్ ఆంబులెన్స్‌ను, అంటే గాయాలకు కట్టుకట్టే వైద్యుల దళాన్ని, కాబట్టి మనమూ ఒడ్డునే ఉన్నాం. మనసులో ఏ పక్షమని అడగలేదు, ఏట్లో దిగావా లేదా అన్నదే అడిగారు. తటస్థ శబ్దానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఇంకొక సభ్యురాలు:

‘నిష్పాక్షిక విధానం’ అంటే కుదరదా అండీ? పక్షం లేనిది అనే కదా.

జవాబు:

కుదరదమ్మా. నిష్పాక్షికత తీర్పు చెప్పేవాడి గుణం. స్వీడన్ మాకు అభిప్రాయాలే లేవని ఏనాడూ అనలేదు. కూటమిలో చేరకపోవడం వేరు, నోరు మూసుకోవడం వేరు అన్నది వాళ్ల పట్టు. ప్రజాస్వామ్యం మాది, పార్లమెంటు మాది, సైన్యం మాత్రం ఎవరి వెంటా రాదు. అదీ వాళ్ల మాట.

గీత ఆరో అధ్యాయంలో ‘సుహృన్మిత్రార్యుదాసీనమధ్యస్థద్వేష్యబంధుషు’ అని ఉంది. అక్కడ ఉదాసీనుడు, మధ్యస్థుడు పక్కపక్కనే వస్తారు, కానీ ఇద్దరూ ఒకరు కారు. శంకరులు భాష్యంలో తేడా చెప్పారు: ఏ పక్షాన్నీ పట్టనివాడు ఉదాసీనుడు, తగవులాడుకునే ఇద్దరి మేలూ కోరేవాడు మధ్యస్థుడు. ఉండేన్ జీవితంలో మధ్యస్థుడి ఘట్టం ఒకటుంది. విదేశాంగ మంత్రిగా లేని రోజుల్లో, గ్రీసుకూ బల్గేరియాకూ మధ్య రొడోపీ అడవుల తగాదాలో ఆయన్ను మధ్యవర్తిగా పెట్టారు. 1931లో ఒకటి, 1933లో ఒకటి తీర్పులిచ్చారు. అంతర్జాతీయ న్యాయం చదివేవాళ్లు ఈనాటికీ ఆ తీర్పును ఉదాహరిస్తారు. నిష్పాక్షిక అన్న మాట అక్కడ హాయిగా వాడుకో.

ఉదాసీన పాతకాలంలో ఎంత గౌరవమైన మాటో! కౌటిల్యుడి దగ్గర ఉదాసీనుడంటే అందరికంటే బలమున్న రాజు. ఇవాళ ‘అధికారుల ఉదాసీనత’ అని పేపర్లో చూస్తే నిర్లక్ష్యమని తప్ప మరో అర్థం తోచదు. ఆ మాట మన చేయి దాటిపోయింది.

రక్షణ కూటమి సంగతి అడిగిన సభ్యుడు:

అసలు ఆయన తటస్థుడేనా అని నా అనుమానం. లోలోపల పశ్చిమదేశాలతో సంబంధాలు పెట్టుకుని పైకి తటస్థత అనడం గోడమీది పిల్లి వాటం కాదా?

జవాబు:

ఈ ప్రశ్నను దాటెయ్యలేం. 1952 జూన్ 13న బాల్టిక్ సముద్రం మీద స్వీడన్ డీసీ-3 విమానం ఒకటి ఎనిమిది మందితో మాయమైంది. వాళ్లను వెతకడానికి వెళ్లిన కాటలీనా విమానాన్ని మూడు రోజుల తర్వాత సోవియట్‌లు కూల్చేశారు. డీసీ-3 శిక్షణ విమానమని ప్రభుత్వం చెప్పుకుంది. నిజానికి అది సోవియట్ రేడియో, రాడార్ సంకేతాలు వినే విమానం. విన్నది పశ్చిమదేశాలతో పంచుకునేవారు. 2003లో 126 మీటర్ల లోతున దొరికింది. కాక్‌పిట్‌లో గడియారం 11 గంటల 28 నిమిషాల దగ్గర ఆగిపోయి ఉంది. యాభై ఏళ్లు ఆ గడియారం నీళ్లలో అదే సమయం చూపిస్తూ పడి ఉందంటే, ఆ ఎనిమిది మంది ఇళ్లలో వాళ్లు ఎలా బతికారో అనిపిస్తుంది. యుద్ధమొస్తే నాటో దేశాల సాయం అందుకునేందుకు రహస్యంగా ఏర్పాట్లు జరిగాయని 1994లో స్వీడన్ ప్రభుత్వ కమిషనే బయటపెట్టింది.

రావుల్ వాలెన్‌బెర్గ్ సంగతి నాకు ఇంకా బాధ. బుడాపెస్ట్‌లో వేలమంది యూదులను కాపాడిన ఆ దౌత్యవేత్తను 1945లో సోవియట్ సైన్యం పట్టుకుపోయింది. ఉండేన్ గట్టిగా అడగలేదన్న నింద ఆయన్ను చివరిదాకా వెంటాడింది. నా అభిప్రాయంలో ఆ నింద న్యాయమైనదే. ఒడ్డున నిలబడటం వేరు, కొట్టుకుపోతున్న సొంత మనిషికి చేయి అందించకపోవడం వేరు.

అలాగని పిల్లి సామెత మొత్తంగా అంటగట్టను. స్వీడన్‌కు అణుబాంబు కావాలని సైన్యాధికారులు అడిగినప్పుడు అడ్డుపడినవాడు ఉండేన్. 1961లో ఐక్యరాజ్యసమితిలో అణ్వాయుధాలు లేని దేశాల ‘క్లబ్’ ఆలోచన పెట్టారు. ఏ షరతుల మీద ఆ ఆయుధాలు తయారుచేయబోమని, తెచ్చుకోబోమని మాటిస్తారో ఆ దేశాలను అడగాలన్న తీర్మానం డిసెంబరులో నెగ్గింది. ఆ పని వెనక ఆల్వా మిర్డాల్ ఉన్నారు. 1955 నుంచి 1961 దాకా ఢిల్లీలో స్వీడన్ రాయబారిగా ఉన్నావిడే, తర్వాత 1982లో నోబెల్ శాంతి బహుమతి అందుకున్నావిడే. ఆ పని చేసినప్పుడు ఉండేన్‌ను తటస్థుడంటే ఒప్పుకోను. అక్కడ ఆయన ఏట్లోకి దిగారు.

ప్రశ్న వేసిన సభ్యురాలు:

మేష్టారూ, చాలా సంతోషం. మరి 2024 మార్చి 7న స్వీడన్ నాటోలో చేరినప్పుడు ‘రెండు వందల ఏళ్ల తటస్థత’ ముగిసిందని చాలాచోట్ల చదివాను. వ్యాసం చివర్లో అది రాయవచ్చా?

జవాబు:

యుద్ధాల్లో దిగకపోవడం 1814 నుంచి ఉంది, అది నిజమే. కానీ 1995లో యూరోపియన్ యూనియన్‌లో చేరేనాటికే ‘తటస్థ విధానం’ అన్న మాటను వాళ్లు పక్కన పెట్టేశారు. మిగుల్చుకున్నది ‘సైనిక కూటమిలో చేరం’ అన్నది ఒక్కటే. 2024లో వదులుకున్నదీ దాన్నే. కౌటిల్యుడైతే దీన్ని సంశ్రయం అనేవాడు, మరొకరి అండ చేరడం. నీ చివరి వాక్యం ఇలా మార్చు: ‘ఉండేన్ పదిహేడేళ్లు కాపాడిన కూటమిరహిత విధానాన్ని స్వీడన్ 2024లో విడిచిపెట్టింది.’ శీర్షికలో మాత్రం ‘కూటమిరహిత’ కొంచెం బరువుగా ఉంది. ‘ఏ కూటమికీ చెందని’ అని పెట్టి ఒకసారి పైకి చదివి చూడు, నోటికి ఏది ఆనితే అదే ఉంచు.