పంజరంలో జతకట్టిన పండు ఈగలన్నీ ఒకే జాతివని చెప్పవచ్చా?

తోటమాలి:

మన మామిడి తోటల్లో వేలాడదీసే, మగ ఈగలను ఆకర్షించే మిథైల్ యూజినాల్ అనే రసాయనపు ఎర బుట్టలలో పడే పండు ఈగల్లో ప్రధానమైనది బాక్ట్రోసెరా డోర్సాలిస్. 1912లో తైవాన్ ఈగల ఆధారంగా హెండెల్ దీన్ని వర్ణించారు. 1994లో డ్రూ, హాన్‌కాక్ అనే శాస్త్రవేత్తలు దీన్ని పోలిన ఆగ్నేయాసియా ఈగలను పపాయే, ఫిలిప్పినెన్సిస్, కారంబోలే అనే వేరు జాతులుగా విడదీశారు. 2003లో కెన్యాలో బయటపడి, ఆ తరువాత ఆఫ్రికాలో చాలా దేశాలను చుట్టేసిన ఈగకు 2005లో ఇన్వాడెన్స్ అని మరో పేరు వచ్చింది. పదేళ్లు తిరిగేసరికి, 2015లో, ఒక అంతర్జాతీయ బృందం కారంబోలేను మాత్రం విడిగా ఉంచి, మిగిలిన మూడింటినీ డోర్సాలిస్‌లో కలిపేసింది. వేర్వేరు దేశాల ఈగలను పంజరంలో వదిలితే అవి పరస్పరం జతకట్టాయన్నది ఆ నిర్ణయానికి ఆధారాలలో ముఖ్యమైనది. వలలో బందీ అయిన ఈగ దొరికిన తోడుతో సరిపెట్టుకోవడంలో వింతేముంది? దాన్ని జాతి నిర్ణయానికి ప్రమాణంగా ఎలా ఒప్పుకోవాలో తెలిసినవారు వివరించగలరు.

కీటకదర్శిని:

తోటమాలి గారూ, దొరికిన తోడుతో సరిపెట్టుకోవడమన్న మాట ఈ పరీక్షకు వర్తించదు. ఇక్కడ ప్రతి ఈగకూ తన ప్రాంతపు తోడూ ఉంటుంది, పరాయి ప్రాంతపు తోడూ ఉంటుంది. పరీక్షించేది ఆ రెండింటిలో దేన్ని ఎంచుకుంటుందన్నదే.

ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ, అంతర్జాతీయ అణుశక్తి సంస్థ కలిసి ఆస్ట్రియాలోని సైబర్స్‌డార్ఫ్‌లో నడిపే ప్రయోగశాల ఈ పద్ధతికి పేరెన్నికగన్నది. పంజరమంటే చిన్న పెట్టె కాదు. దాదాపు 2.9 మీటర్ల వ్యాసం, 2 మీటర్ల ఎత్తు ఉండే వల గది అది. మధ్యలో కుండీలో పెంచిన చెట్టు ఉంటుంది. పరిశీలకుడు లోపలికి వెళ్లి నిలబడతాడు. ఇంతవరకు జతకట్టని మగ, ఆడ ఈగలను రెండు ప్రాంతాల నుంచీ సమాన సంఖ్యలో తీసుకుని, ఏది ఎక్కడిదో తెలియడానికి వీపు మీద రంగు చుక్క పెట్టి వదులుతారు. డోర్సాలిస్ జతకట్టేది మునిమాపు వేళ. వెలుతురు తగ్గుతుండగా మగవి ఆకుల మీద చేరి రెక్కలు కొట్టడం మొదలుపెడతాయి. జత కుదిరిన ప్రతిసారీ పరిశీలకుడు ఆ జంటను చిన్న సీసాలోకి తీసుకుని సమయాన్నీ, చెట్టుపై చోటునూ రాసుకుంటాడు. చివరికి వచ్చే సూచిక విలువ +1 అయితే ప్రతి ఈగా తన ప్రాంతపు తోడునే ఎంచుకుందని, సున్నా అయితే ప్రాంతభేదం పాటించలేదని అర్థం. డోర్సాలిస్, పపాయే, ఫిలిప్పినెన్సిస్‌ల మధ్య విలువలు సున్నా దగ్గరే తేలాయి. కెన్యా ఈగలను ఆసియా ఈగలతో పోల్చినప్పుడూ అంతే. అదే పద్ధతిలో కారంబోలే మాత్రం మిగిలినవాటితో తక్కువగా కలిసింది. పంజరంలో ఏదైనా దేనితోనైనా కలుస్తుందన్న మాట నిజమైతే కారంబోలే కూడా కలిసిపోవాలి కదా.

ఇతర పండు ఈగల్లోనూ ఇదే కనిపిస్తుంది. మధ్యధరా పండు ఈగను ప్రపంచంలోని పలు ప్రాంతాల నుంచి తెచ్చి కలిపిన పరీక్షల ఫలితాలు 2002లో వెలువడ్డాయి. వాటిలో చెప్పుకోదగ్గ అడ్డంకి ఏదీ కనిపించలేదు. అడవి ఆడ ఈగలతో జతకట్టి సంతానం కలగకుండా చేయడానికి గ్వాటెమాలాలో పెంచిన వంధ్య మగ ఈగలను కాలిఫోర్నియా, ఫ్లోరిడాలలో వదలగలుగుతున్నది అందుకే. దక్షిణ అమెరికా పండు ఈగ అనాస్ట్రెఫా ఫ్రాటర్క్యులస్ విషయంలో దీనికి పూర్తిగా భిన్నమైన ఫలితం వచ్చింది. అర్జెంటీనా ఈగలు, పెరూ ఈగలు పరస్పరం చాలా అరుదుగా కలిశాయి, వాటి సంకర సంతానంలో గుడ్లు పొదగడమూ తగ్గింది. పేరు ఒకటే అయినా లోపల ఒకటికి మించి జాతులున్నాయని పట్టించింది ఈ పరీక్షే.

సందేహి:

కీటకదర్శిని గారు చెప్పిన పద్ధతి మీద నాకు గౌరవముంది, కానీ ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ ఈగలను ఇక్కడ తలచుకోక తప్పదు. అక్కడ ట్రయోనై, నియోహ్యూమెరాలిస్ అని రెండు జాతులు ఒకే తోటలో, ఒకే పండు మీద బతుకుతాయి. జన్యుపరంగా వాటిని వేరు చేయడం చాలా కష్టం. ప్రయోగశాలలో కలిపితే వాటి సంకర సంతానానికి పిల్లలు కూడా పుడతాయి. అయినా తోటలో అవి విడివిడిగానే నిలిచాయి, ఎందుకంటే ట్రయోనై మునిమాపున జతకడుతుంది, నియోహ్యూమెరాలిస్ పట్టపగటి ఎండలో జతకడుతుంది. అంటే కలవగలగడం వేరు, కలవడం వేరు.

మరో చిక్కు కూడా ఉంది. ప్రయోగశాలలో తరతరాలుగా పెరిగిన ఈగలు ఇరుకుకూ, కృత్రిమ వెలుతురుకూ అలవాటుపడి, అడవి ఈగల కన్నా త్వరగా, తక్కువ ఎంపికతో జతకడతాయి. రెండు దేశాల పెంపకపు ఈగలు కలిశాయంటే ఆ దేశాల తోటల్లోని ఈగలూ కలుస్తాయని గట్టిగా చెప్పలేము. ఇక మలేషియాలో పట్టిన అడవి మగ ఈగల గ్రంథులలో పపాయే, కారంబోలేల రసాయనాలకు మధ్యస్థంగా ఉన్న మిశ్రమం దొరికింది, అంటే ప్రకృతిలోనూ వాటి మధ్య సంకరం జరుగుతున్నట్టే. అయినా కారంబోలేను వేరు జాతిగానే ఉంచారు. జతకట్టడమే కొలమానమైతే దాన్ని ఒకచోట వాడి మరోచోట వదిలేయడం న్యాయమా? డ్రూ, రోమిగ్‌లు 2016లో పపాయే, ఇన్వాడెన్స్‌లను మళ్లీ వేరు జాతులుగా నిలబెట్టిన సంగతినీ ఇక్కడ మరువరాదు.

కీటకదర్శిని:

క్వీన్స్‌లాండ్ ఉదాహరణ చాలా విలువైనది, అయితే అది నా వాదానికే బలమిస్తుందని నా నమ్మకం. ఆ రెండింటినీ విడదీస్తున్నది వేళ. వల గదిలో సహజమైన వెలుతురు కింద, జత కుదిరిన సమయాన్ని రాసుకుంటూ చేసే పరీక్షలో ఆ తేడా బయటపడకుండా ఉండదు. డోర్సాలిస్, పపాయే, ఇన్వాడెన్స్ మూడింటికీ వేళ మునిమాపే.

పెంపకపు ఈగల గురించి సందేహి గారు అన్నది నేను పూర్తిగా అంగీకరిస్తాను. ఎన్ని తరాలు పెంచిన ఈగలో చెప్పని పరీక్షకు సగం విలువే ఇవ్వాలి. కానీ 2015 నిర్ణయం పంజరం మీద మాత్రమే నిలబడలేదు. మిథైల్ యూజినాల్ తిన్న మగ ఈగ దాన్ని వేరే పదార్థాలుగా మార్చుకుని పొట్ట చివరి గ్రంథిలో దాచుకుని, మునిమాపున ఆడ ఈగను ఆకర్షించడానికి వెదజల్లుతుంది. డోర్సాలిస్, పపాయే, ఇన్వాడెన్స్ మగవి ఒకే రెండు పదార్థాలను దాస్తాయి. కారంబోలే వాటిలో ఒకదాన్నే దాస్తుంది. సంకరం అప్పుడప్పుడు జరిగినా, ఆకర్షణ రసాయనమే వేరుగా ఉన్న ఈగను విడిగా ఉంచడం అందుకే సబబు.

అన్నిటికన్నా నన్ను ఒప్పించింది మగ అంగం పొడవు. పపాయేను డోర్సాలిస్ నుంచి వేరు చేయడానికి ఒకప్పుడు దీన్ని గుర్తుగా వాడేవారు. థాయిలాండ్ ఉత్తరం నుంచి మలేషియా వరకు ఈగలను వరుసగా పట్టి కొలిచినప్పుడు ఆ పొడవు ఎక్కడా తెగకుండా, కొద్దికొద్దిగా మారుతూ పోయింది. ఒక జాతి ముగిసి మరొకటి మొదలయ్యే గీత ఎక్కడా కనిపించలేదు. కొసల్లోని నమూనాలను మాత్రమే చూసినవారికి రెండు జాతులుగా కనిపించడం సహజం. 2016 వాదానికి జవాబుగా అదే బృందం 2017లో, ఇన్ని రకాల ఆధారాలు ఒకే వైపు చూపుతుండగా రూపభేదాలను మాత్రమే పట్టుకోవడం తగదని రాసింది. నాకూ అదే న్యాయంగా తోస్తోంది.

రేవు:

ఎగుమతి రంగంలో ఉన్నవాడిగా ఒక్క మాట. ఇన్వాడెన్స్ వేరు జాతిగా ఉన్నంతకాలం, తమ నేల మీద డోర్సాలిస్ ఇప్పటికే ఉన్న దేశాలు సైతం ఆఫ్రికా పండ్లను కొత్త పురుగు పేరిట నిలిపివేయగలిగేవి. డోర్సాలిస్ కోసం ఆసియాలో రూపొందించిన పండులోని పురుగును చంపే వేడి, శీతల శుద్ధి పద్ధతులను ఆఫ్రికా పండుకు అలాగే వర్తింపజేయడానికీ వీలుండేది కాదు. కనుక ఈ చర్చ ఫలితం రైతు ఇంటిదాకా వస్తుంది. వాణిజ్యానికి లాభం కనుకనే కలిపారన్న అనుమానానికి మాత్రం పైన చెప్పిన ఆధారాలు చోటివ్వడం లేదు.

తోటమాలి:

అందరికీ ధన్యవాదాలు. అంగం పొడవు సంగతి నా అభ్యంతరాన్ని చాలావరకు తీర్చింది. ఇంకొక్కటి అడగాలి. రేపు మన దగ్గర వంధ్య మగ ఈగలను వదలాలనుకుంటే, ఒకే జాతి కదా అని వేరే దేశపు పెంపకం నుంచి తెచ్చుకోవచ్చా? మన తోటల నిండా మగ ఈగను చంపే ఎర బుట్టలు ఉన్నాయి కదా, అవి వీటినీ చంపవా?

కీటకదర్శిని:

చంపుతాయి. అందుకే వదిలే ముందు వంధ్య మగ ఈగలకు మిథైల్ యూజినాల్ తినిపించే పద్ధతి మీద పరిశోధన జరిగింది. ఒకసారి తిన్న మగ ఈగ కొన్నాళ్లపాటు ఎర వైపు అంతగా వెళ్లదు, పైగా ఆడ ఈగను గెలుచుకోవడంలో మెరుగవుతుంది. తెచ్చుకోవచ్చా అన్న ప్రశ్నకు నా జవాబు, జాతి ఒకటేనన్న తీర్పు ఒక్కటీ చాలదని. అక్కడి పెంపకపు మగవాటినీ, మన తోటలో రాలిన పండ్ల నుంచి వెలికితీసిన అడవి ఈగలనూ కలిపి, మన మునిమాపు వెలుతురులోనే వల గది పరీక్ష చేయాలి. అక్కడ సూచిక సున్నా దగ్గరకు రావడమే కాదు, మన అడవి ఆడ ఈగలను ఆ మగవి ఎన్ని గెలుచుకున్నాయో కూడా లెక్కించాకే వాటిని తెప్పించే ఆలోచన చేయాలి.