టెస్టోస్టిరాన్ అడుగంటినా పీఎస్ఏ ఎందుకు పెరుగుతోంది?

తెనాలి కుర్రాడు:
మా నాన్నకి 72 ఏళ్లు. ప్రోస్టేట్ క్యాన్సర్, ఎముకలకి పాకింది. టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోన్‌ని తగ్గించడానికి మూడు నెలలకోసారి ల్యూప్రోలైడ్ ఇంజెక్షన్ చేయిస్తున్నాం. మొదట్లో 140 ఉన్న పీఎస్ఏ (ఈ క్యాన్సర్‌ని కనిపెట్టుకుని ఉండే రక్తపరీక్ష) 0.6కి దిగితే ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నాం. ఇప్పుడు వరసగా 1.9, 3.4, 6.2. టెస్టోస్టిరాన్ చూపిస్తే 14 వచ్చింది, బాగా తక్కువ, అంటే ఇంజెక్షన్ పనిచేస్తున్నట్టే కదా? "జన్యువులు దారి మార్చుకున్నాయి" అన్నారు డాక్టరు గారు. బయట అంతమంది కూర్చుని ఉంటే ఇంకేం అడుగుతాను. నాన్నేమో రిటైర్డ్ లెక్కల మాస్టారు. రిపోర్టులన్నీ గ్రాఫ్ కాగితం మీద గీసి కారణం చెప్పమని నన్ను కూర్చోబెడుతున్నారు.

ల్యాబ్ పద్మ:
హైదరాబాద్‌లో మాలిక్యులర్ పాథాలజీ ల్యాబ్‌లో పనిచేస్తాను. మాస్టారికి ఇలా చెప్పండి. పీఎస్ఏ ఒక ప్రోటీన్. దాన్ని చేయించే జన్యువు కేఎల్‌కే3, 19వ క్రోమోజోమ్ మీద ఉంటుంది. దాని మీద పెత్తనం ఆండ్రోజెన్ రిసెప్టర్‌ది, అంటే టెస్టోస్టిరాన్ లాంటి మగ హార్మోన్లను (ఆండ్రోజెన్లను) పట్టుకునే ప్రోటీన్‌ది. హార్మోన్ వచ్చి అతుక్కోగానే రిసెప్టర్ కేంద్రకంలోకి వెళ్లి, డీఎన్ఏ మీద కూర్చుని, కేఎల్‌కే3తో పాటు వందల జన్యువులను నడిపిస్తుంది. కణం పెరగడానికి కావలసినవీ వాటిలో ఉన్నాయి. కాబట్టి ఇంజెక్షన్ తర్వాత పీఎస్ఏ పడిపోయిందంటే కొంత కణాలు చచ్చిపోయి, కొంత ఆ జన్యువు మూగబోయి. ఈ రెండో సంగతి ఇంటివాళ్లకి ఎవరూ చెప్పరు, అదే నాకు కోపం.

ఇప్పుడు పెరుగుతోందంటే చాలావరకు రిసెప్టర్ మళ్లీ పనిలో పడిందని. ఆ 14 రక్తంలో లెక్క. ఇంజెక్షన్ వృషణాలనే ఆపుతుంది. అడ్రినల్ గ్రంథుల నుంచి కొంత సరుకు వస్తూనే ఉంటుంది, గడ్డ తనకు తానే హార్మోన్ చేసుకోగలదు కూడా. పైగా రిసెప్టర్ జన్యువు కాపీలు పెరిగిపోతే పిసరంత హార్మోన్ చాలు. ఏఆర్-వీ7 అనే పొట్టి రకం రిసెప్టర్ అయితే మరీ మొండిది: హార్మోన్ అతుక్కునే భాగమే దానికి ఉండదు, హార్మోన్ లేకుండానే పనిచేస్తుంది.

ఇంకోటి, ఇది మాస్టారికి నచ్చుతుంది. 2005లో మిషిగన్ యూనివర్సిటీలో అరుల్ చిన్నయ్యన్ బృందం ప్రోస్టేట్ క్యాన్సర్‌లో ఒక జన్యువుల అతుకును బయటపెట్టింది. టీఎంపీఆర్ఎస్ఎస్2 ఆండ్రోజెన్ చెప్పినట్టు నడిచే జన్యువు. దానితో పాటు 21వ క్రోమోజోమ్ మీదే ఉన్న ఈఆర్‌జీ అనే, క్యాన్సర్‌ని ఎగదోసే జన్యువు దానికి అతుక్కుపోయి, పక్కింటి మీటరుకి వైరు తగిలించుకున్నట్టు ఆ హార్మోన్‌తోనే నడిచిపోతుంది. పాశ్చాత్య దేశాల రోగుల్లో దాదాపు సగం మందిలో ఈ అతుకు కనిపిస్తుంది, ఆసియావాళ్లలో తక్కువ.

వాల్తేరు పెద్దాయన:
బాబూ, నేనూ ఈ దారిలోనే ఉన్నాను. నాకు ఆపరేషన్ చేసి వృషణాలు తీసేశారు, అయినా పీఎస్ఏ పెరిగింది. అబిరటెరోన్ అనే మాత్ర పెట్టారు. పరగడుపున వేసుకోవాలి, తోడుగా ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్. బీపీ, పొటాషియం, లివర్ టెస్టులు మానొద్దు. జనరిక్ అడుగు, ధర బాగా తగ్గుతుంది.

తెనాలి కుర్రాడు:
నమస్కారం బాబాయ్ గారూ. పద్మ గారూ, మరి ఇంజెక్షన్ ఆపేయొచ్చా?

ల్యాబ్ పద్మ:
సొంతంగా ఆపకండి. మామూలుగా అది కొనసాగిస్తూనే కొత్త మందు కలుపుతారు. అబిరటెరోన్ హార్మోన్ తయారీని ఆపుతుంది, ఎంజాలుటమైడ్ రిసెప్టర్‌కే అడ్డుపడుతుంది. ఏఆర్-వీ7 ఉంటే ఈ రెండూ తరచుగా పనిచేయవు, అప్పుడు డోసెటాక్సెల్ కీమో వైపు చూస్తారు. బీఆర్‌సీఏ2 (డీఎన్ఏని మరమ్మతు చేసే జన్యువు) టెస్టు చేయించాలా అని కూడా అడగండి. అందులో మార్పు ఉంటే మందుల దారి వేరు, అది పుట్టుకతో వచ్చిందైతే మీ అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు కూడా చూపించుకోవాల్సి వస్తుంది.