దెయ్యం బయట, మనుషులు లోపల: కథ మధ్యలో ఆగిపోయింది

గుంటూరు_రైటర్: షార్ట్ ఫిల్మ్‌కి కథ రాస్తున్నాను. ఊరి శివార్లలో మిర్చి కోల్డ్ స్టోరేజీ, రాత్రి కరెంటు పోతుంది, ఐదుగురు హమాలీలు లోపల ఇరుక్కుంటారు, బయట దెయ్యం. మొదలు బాగానే వచ్చింది. తర్వాత తలుపు కొట్టడం, వీళ్లు అరవడం, మళ్లీ తలుపు కొట్టడం, అంతే. ఏం చేయాలి?

బెజవాడ_సెకండ్‌షో: దెయ్యాన్ని కాసేపు పక్కన పెట్టి లోపల గొడవ రాయండి. 1968లో జార్జ్ రొమేరో తీసిన ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’ సినిమాలో బయట లేచొచ్చిన శవాలు, లోపల ఇంట్లో ఇరుక్కున్న మనుషులు; సెల్లార్‌లోకి దిగి తలుపేసుకుందామని ఒకడు, పైనే ఉండి కిటికీలకు చెక్కలు కొడదామని ఇంకొకడు, టెన్షన్ సగం ఆ వాదనలోనే ఉంది. ఇంకోటి, చోటు తగ్గుతూ రావాలి. ముందు గేటు పోవాలి, తర్వాత ఆఫీసు గది, చివరికి టిక్కీల (మిర్చి బస్తాల) మధ్య సందు ఒక్కటే మిగలాలి.

గుంటూరు_రైటర్: సందు బాగుందండి! అక్కడ మిర్చి ఘాటుకి దగ్గు ఆపుకోవడం ఎవరి వల్లా కాదు.

అరండల్‌పేట_కుర్రాడు: అన్నా, ఆ దగ్గునే వాడుకో. దగ్గు వినపడితే దెయ్యం వస్తుందని ముందే ఒక సీన్‌లో చూపించు. గడప దాటగలదా లేదా అన్నది కూడా మొదట్లోనే తేల్చు, మధ్యలో రూల్ మారిస్తే నాకైతే ఒళ్లు మండుతుంది. తలుపు గడియ మాత్రం లోపలివాడే తీయాలి, భయంతోనో, బయట తమ్ముడి గొంతు విన్నాననో.