అప్‌డేట్: మా లాబ్రడార్ అన్నం ముట్టట్లేదని అడిగాను కదా

జ్వరం వచ్చి పోతోంది, అన్నం వాసన చూసి వెళ్లిపోతోంది, ఎండదెబ్బేమో అని అడిగాను. కాదు, టిక్ ఫీవర్. గోమార్లు కుడితే వచ్చే ఎర్లీకియా అనే బ్యాక్టీరియా జబ్బు. రక్తపరీక్ష చేయించమని పట్టుబట్టిన వాళ్లందరికీ థాంక్స్.

ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయి. డాక్టర్ పొట్ట మీద వెంట్రుకలు పక్కకి తీసి చూపించారు, ఆవగింజల్లా ఎర్రటి చుక్కలు, ప్లేట్‌లెట్లు తగ్గి చర్మం కింద రక్తం చిమ్మినవి. చిగుళ్లు కూడా పాలిపోయాయి. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ 28 రోజులు రాశారు. హుషారు రాగానే మధ్యలో ఆపేస్తే బ్యాక్టీరియా లోపల మిగిలిపోయి జబ్బు తిరగబెడుతుందట. ఖాళీ కడుపున ఇస్తే వాంతి, పాలతో ఇస్తే మందు ఒంటికి సరిగ్గా పట్టదు. అందుకని చికెన్ ముక్కలో పెడుతున్నాం. ముక్క మింగి మాత్ర మాత్రం శుభ్రంగా ఉమ్మేస్తుంది, ఆ తెలివి ఎక్కడిదో!

అసలు తలనొప్పి ఇల్లు. ఆడ గోమారి రక్తం తాగి కిందకి రాలిపోయి, గోడ పగుళ్లలో వేల గుడ్లు పెడుతుంది. కుక్కకి ఎన్ని స్నానాలు చేయించినా లాభం లేదు. మా కార్ షెడ్ గోడ పగులులో టార్చ్ వేసి చూస్తే గుంపుగా కనిపించాయి. పగుళ్లకి సిమెంట్ పూయించాం. కుక్క ఒంటికి కిరోసిన్ రాయమన్నారు కొందరు. దయచేసి రాయకండి, చర్మం కాలుతుంది, నాకితే విషం.

పక్కింటివాళ్లు తమ పమేరియన్‌కి అంటుకుంటుందని టెన్షన్ పడ్డారు. కుక్క నుంచి కుక్కకి నేరుగా రాదు, గోమారి కుడితేనే. ఇప్పుడు మావాడు తింటున్నాడు. కోర్సు అయ్యాక మళ్లీ రక్తపరీక్ష ఉంది.